ముప్పై అయిదుకు నాలుగు తక్కువ

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు వంతెనల ఇంజినీరు ఎనిమిది రోజుల తనిఖీ పనిమీద పెట్టె పట్టుకుని బయలుదేరాడు. గుమ్మం దాటుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడుసార్లూ చూసింది భార్యను కాదు. ముందుగదిలో గోడ పొడవునా ఆక్రమించిన నూట ఎనభై లీటర్ల గాజుతొట్టెను, అందులో రాతిమీద విచ్చుకుని ఉన్న గులాబీరంగు పగడాన్ని.

"నీళ్లు తగ్గితే మంచినీళ్లే పొయ్యాలి. ఉప్పు ముప్పై అయిదు ఉండాలి. గొట్టంలో చూస్తే తెలుస్తుంది," అన్నాడు.

"ఇది చెప్పడం పదకొండోసారి," అంది భార్య. ఆమె తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆమె పదకొండు అన్నదంటే పదీ కాదు, పన్నెండూ కాదు.

"పాలిప్‌లు ముడుచుకుంటే వెంటనే ఫోన్ చెయ్యి."

"చెయ్యను."

"అంత పంతమా?"

"పంతం కాదండీ, పందెం. నిన్న ఒప్పుకున్నది మీరే."

పందెం ఇది. ఆ తొట్టెను సాకడం పెద్ద విద్య అని భర్త పదకొండేళ్లుగా అంటున్నాడు. కొలత చూసి నీళ్లు పోయడం కూడా ఒక విద్యేనా అని భార్య అంతకాలంగానూ అంటోంది. ఈ ఎనిమిది రోజులూ ఆమె సలహా కోసం అతనికి ఫోన్ చేయకుండా, పగడాన్ని అప్పగించినట్టే తిరిగి అప్పగిస్తే, తొట్టె వెనక వరండాలోకి పోతుంది. ముందుగది గోడ ఆమె బల్లకూ పుస్తకాల బీరువాకూ దక్కుతుంది. ఆ బల్ల ఇన్నేళ్లుగా భోజనాల గదిలో ఫ్రిజ్‌కూ తలుపుకూ మధ్య ఇరుక్కుని ఉంది. పగడానికి ఏమైనా అయిందా, ఆమె ఇక జన్మలో తొట్టె గురించి ఒక్క మాట అనకూడదు. ఓడిపోతే గోడ పోవడం ఆమెకు బాధే. మాట పోవడం మాత్రం ఊహకు కూడా అందని బాధ.

పగడం అంటే ఒక ప్రాణి కాదు, వేల చిన్న ప్రాణుల ఉమ్మడి కాపురం. ఒక్కొక్క ప్రాణినీ పాలిప్ అంటారు. బియ్యపుగింజ కన్నా చిన్నదైన ప్రతి పాలిప్‌కూ ఒక గది, గదిలోంచి బయటికి చాచే పూరేకుల్లాంటి చేతులు. సుఖంగా ఉంటే చేతులు చాచి నీళ్లలో ఊగుతాయి. ఏదైనా నచ్చకపోతే అన్నీ ఒక్కసారిగా లోపలికి పోయి తలుపులు వేసుకుంటాయి. కారణం చెప్పవు. ఉమ్మడి కాపురాల్లో అది కొత్త విషయమేమీ కాదు.

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా సాదాది. ఏడింటికి ఉప్పు కొలవడం, ఏడుంబావుకు తగ్గిన నీళ్లు పోయడం, తొమ్మిదిన్నరకు ఆఫీసుకు బయలుదేరడం. గొట్టం అంటే అరచేతిలో పట్టే చిన్న పరికరం. ఒక చివర పలక మీద రెండు చుక్కల నీళ్లు వేసి, రెండో చివర కన్ను పెట్టి చూస్తే వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు ఎన్ని పాళ్లో ఆ అంకె లోపల గీతల మీద కనిపిస్తుంది. ఆమె చూసింది. సరిగ్గా ముప్పై అయిదు.

ఇక్కడ మరొకరైతే గొట్టం తుడిచి పక్కన పెట్టేవారు. ఈ కథ ఉండేది కాదు. కానీ పాతికేళ్లుగా ఆమె ఉద్యోగమే ఎదుటివాడి పరికరాన్ని నమ్మకపోవడం. పరీక్షించని పరికరం చూపిన అంకె ఆమె దృష్టిలో పుకారుతో సమానం. అందుకే ముందురోజే ఆఫీసు ప్రయోగశాలలో రసీదు రాసిచ్చి, సరిగ్గా ముప్పై అయిదు ఉప్పు ఉన్నదని ధ్రువపరచిన ప్రామాణిక ద్రావణం చిన్న సీసాడు తెచ్చుకుంది. రెండు చుక్కలు పలక మీద వేసి చూసింది.

ముప్పై తొమ్మిది.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ముప్పై తొమ్మిదే. గొట్టం నాలుగు ఎక్కువ చూపిస్తోంది. అంటే భర్త ముప్పై అయిదనుకుంటున్న నీళ్లు నిజానికి ముప్పై ఒకటి. పదకొండేళ్లుగా ఆ పగడానికి తూకంలో మోసం జరుగుతోంది, అదీ ఒక ఇన్‌స్పెక్టరు కాపురం చేస్తున్న ఇంట్లో. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది తన పరిస్థితి అనుకుంది ఆమె. ముందు చిన్న స్క్రూ తిప్పి గొట్టాన్ని సరిచేసింది. తరువాత నీటిని సరిచేయడానికి కూర్చుంది. ఉప్పులోని తేమతో సహా లెక్క కట్టి, సముద్రపు ఉప్పు ఎనిమిది వందల గ్రాములు తూచి, బక్కెట్లో కరిగించి, తొట్టెలో పోసింది.

వంటింట్లోంచి అత్తగారు వచ్చి నిలబడింది.

"పొద్దున్నే అంత ఉప్పెందుకమ్మాయ్?"

"తొట్టెకు అత్తయ్యా. ఉప్పు చాల్లేదు."

"ఎవరు చెప్పారు?"

"పరికరం చెప్పింది."

"అలాగా," అంది అత్తగారు. ఆ ఇంట్లో ఆ మాటకు ఒప్పుకోవడం అనే అర్థం ఎన్నడూ లేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఎనిమిదిన్నరకు పాలిప్‌లన్నీ తలుపులు వేసుకున్నాయి. గులాబీ పువ్వులా ఉండే పగడం పాత ఇటుకముక్కలా కనిపించింది.

ఇన్‌స్పెక్టరు కంగారు పడలేదు. సరైన కొలతలో పెట్టిన వస్తువుకు హాని జరగదు కనుక కారణం వేరే ఉండి తీరాలి. ఆమె ఒక కొత్త పుస్తకం తీసి గీతలు కొట్టి మూడు గడులు గీసింది: సమయం, పాలిప్‌ల స్థితి, చేపల నడవడి. దాన్ని అత్తగారి చేతికి ఇచ్చింది.

"నేను ఆఫీసులో ఉన్నప్పుడు గంటగంటకూ చూసి ఇందులో రాయండి అత్తయ్యా. మీకు అనిపించింది వద్దు, కనిపించింది రాయండి."

"గడిలో పట్టినంతే రాస్తాలే," అంది అత్తగారు.

సాయంత్రం వచ్చి చూస్తే పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంది. ఉదయమంతా మూసి. మధ్యాహ్నం రెండింటికి కొంచెం తెరిచి. మూడింటికి ఇంకొంచెం. చేపల నడవడి మర్యాదగానే ఉంది. ఇన్‌స్పెక్టరు తృప్తిగా తలూపి గొట్టంలో చూసింది. ముప్పై నాలుగు.

తొట్టెలో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. కనుక సాయంత్రానికి అంకె పెరగాలి, కనీసం కదలకుండా ఉండాలి. తగ్గడం మాత్రం ప్రకృతికి విరుద్ధం. ఆమె గొట్టాన్ని సీసాలోని ద్రావణంతో మళ్లీ పరీక్షించింది. సరిగ్గానే ఉంది. శనివారం ఉదయం రెండు వందల గ్రాముల ఉప్పు తూచి కలిపి, అంకెను ముప్పై అయిదుకు తెచ్చి ఆఫీసుకు వెళ్లింది. పాలిప్‌లు ఆమె ఉండగా మూసుకున్నాయి, లేనప్పుడు తెరుచుకున్నాయి. సాయంత్రానికి మళ్లీ ముప్పై నాలుగు.

భర్తకు ఫోన్ చేయకూడదు కనుక ఆమె చేపల దుకాణం యజమానికి చేసింది. మొదటి వాక్యం వినగానే అతను గల్లాపెట్టె వదిలి లేచి నిలబడ్డాడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఫోను సాయంత్రం ఏడింటికి వస్తే ఏ దుకాణదారుడైనా అదే చేస్తాడు.

"పాలిప్‌లు ముడుచుకుంటున్నాయా మేడం? వెలుగెక్కువై ఉంటది. లేదంటే నీళ్ల విసురు. లేదంటే మీ పచ్చ చేప దొంగచాటుగా కొరుకుతుండొచ్చు. అది మేం అమ్మింది కాదు మేడం, సార్ వేరేచోట కొన్నారు."

"చేప కొరికితే ఉప్పెలా తగ్గుతుంది?"

"ఉప్పు తగ్గదు మేడం."

"తగ్గుతోంది."

"అయితే తగ్గుద్ది మేడం," అన్నాడు అతను వెంటనే.

ఆమె వెలుగును ఒక గంట తగ్గించి చూసింది, నీళ్ల విసురును సగానికి తగ్గించి చూసింది. ఆదివారం ఉదయం ఉప్పును మళ్లీ ముప్పై అయిదుకు తెచ్చి, పచ్చ చేపను వల వేసి పట్టి, తొట్టెలోనే ముంచి తెచ్చిన నీళ్లతో ఒక పెద్ద స్టీలుగిన్నెలో నిర్బంధించింది. అది వంటింటి గిన్నె.

"రోజూ నాలుగు కూరలు వండే ఇంట్లో నాకున్న పెద్దగిన్నె అదొక్కటే," అంది అత్తగారు. "దాన్లోనూ కాపురం పెట్టించావు."

"సాయంత్రం దాకానే అత్తయ్యా. అనుమానితుడు."

"ఏం చేసిందట పాపం?"

"అదే తేలాలి."

ఆదివారం ఆమె ఇంట్లోనే ఉంది. తొట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా కదల్లేదు. భోజనం కూడా పళ్లెం తెప్పించుకుని అక్కడే చేసింది. అత్తగారు రెండుమూడుసార్లు వచ్చి, "కాసేపు నడుం వాల్చరాదూ, నేను చూస్తాగా," అంది. ఇన్‌స్పెక్టరు ససేమిరా అంది. పాలిప్‌లు రోజంతా మూసుకునే ఉన్నాయి. సాయంత్రం గొట్టంలో అంకె ముప్పై అయిదు. చుక్క తగ్గలేదు.

చేప నిర్బంధంలో ఉన్నప్పుడు ఉప్పు పోలేదు. సోమవారం ఆమె చేపను విడిచిపెట్టి ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రానికి ముప్పై నాలుగు. ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఆమె ఉద్యోగ జీవితంలో ఏ పెట్రోలు బంకులోనూ దొరకలేదు. ఆమె దుకాణదారుడికి ఫోన్ చేసి తీర్పు వినిపించింది.

"మేడం," అన్నాడు అతను, భయమూ వృత్తిధర్మమూ గొంతులో కొట్లాడుకుంటుండగా, "చేప ఉప్పు తినదు మేడం. తిన్నా రోజుకు రెండొందల గ్రాములు తినదు. అది తూగేదే యాభై గ్రాములు."

తూకం ఆధారంగా చేసిన వాదనను ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ తేలిగ్గా తోసిపుచ్చలేదు. మంగళవారం ఉప్పు సరిచేసి, చేపను మళ్లీ గిన్నెలో ఉంచి ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం ముప్పై నాలుగు. చేప గిన్నెలో, ఉప్పు గాలిలో. నేరం మోపబడిన చేప ఆ రాత్రే సగౌరవంగా విడుదలైంది. గిన్నెను మాత్రం అత్తగారు తిరిగి తీసుకోలేదు.

అదే సమయానికి ఇంజినీరు రోజూలాగే ఫోన్ చేశాడు.

"పగడం ఎలా ఉంది?"

"ఉంది."

"ఉందంటే?"

"ఉన్నచోటే ఉంది."

"ఉప్పెంత?"

"ఉప్పు విషయంలో మీరు నాకు పాఠాలు చెప్పే స్థితిలో లేరు," అంది ఆమె, ముప్పై తొమ్మిదిని మనసులో పెట్టుకుని. అతను భార్య చాలా ధీమాగా ఉందనుకున్నాడు. వెనక వరండా కొలతలు గుర్తుచేసుకుంటూ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

ఆమె కూడా నిద్రపోలేదు. పడుకుని ఒక్కొక్క కారణాన్నే కొట్టేస్తూ వచ్చింది. చేప కాదు. వెలుగు కాదు. తొట్టె కారడం లేదు, కారితే నీళ్లు తగ్గాలి. నీళ్లు ఏ రోజూ తగ్గలేదు. నిజానికి ఈ వారంలో మంచినీళ్లు పోయవలసిన అవసరమే రాలేదు. ఇది ఆమె గమనించింది. తొట్టెకు మూత బాగా బిగిసి ఉందని పుస్తకంలో రాసుకుంది కూడా. ఇక మిగిలింది గొట్టం. గొట్టం సరైనదని రోజూ సీసాలోని ద్రావణమే చెబుతోంది. మరి ద్రావణం సరైనదని ఎవరు చెప్పారు?

ఆమె చీకట్లో లేచి కూర్చుంది. ఆఫీసులో పెద్దసీసా మూత వదులై, ద్రావణం చిక్కబడి ఉంటే? ఆ చిక్కటిదాన్నే ముప్పై అయిదుగా నమ్మిన ప్రతి గొట్టమూ మిగతా నీళ్లన్నిటినీ తక్కువ చేసి చూపిస్తుంది. తొట్టెలో ఉప్పు పోవడం లేదు. శాఖలో నిజం పోతోంది.

ఈ ఆలోచనలో ఒక్క దోషం కూడా లేదు, అది నిజం కాకపోవడం తప్ప.

బుధవారం ఉదయం ఆమె తొట్టెలో చిటికెడు ఉప్పు కూడా వేయలేదు. అనుమానం ఉన్న కొలతతో ఏ సవరణా చేయరాదన్నది నియమం. తిన్నగా ఆఫీసుకు వెళ్లి, నాలుగు పేజీల నివేదిక రాసి పై అధికారి బల్ల మీద పెట్టింది. ఆ పై అధికారిని ఆఫీసంతా దశాంశంగారు అంటారు. చుక్క తరువాత మూడు అంకెలు లేని కాగితం మీద ఆయన సంతకం చేయడు. నివేదిక రెండుసార్లు చదివి, ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీళ్లు ఎక్కడివమ్మా?"

"ఒక గాజుతొట్టెలోవి సార్."

"తొట్టె ఎక్కడిది?"

"గృహసంబంధమైనది సార్."

"అయితే అనుమానం కూడా గృహసంబంధమైనదేమో ఒకసారి చూసుకున్నారా?"

"అయిదు రోజులు చూసుకున్నాను సార్."

ఆమె పాతికేళ్ల ఉద్యోగంలో ఒక్క అంకె తప్పలేదని ఆయనకు తెలుసు. సాయంత్రంలోగా పెద్దసీసాకు లక్క వేశారు. నెలరోజులుగా ఆ ద్రావణంతో పరీక్షించిన పరికరాలన్నీ తిరిగి తెమ్మని ఉత్తర్వులు పోయాయి. గురువారానికి రెండు మందుల కర్మాగారాల్లో పని ఆగింది. శుక్రవారానికి ఆఫీసు వసారాలో గొట్టాలు, ఉప్పు మీటర్లు, వాటిని పట్టుకున్న మనుషులు నేలమీద వరసగా కూర్చున్నారు. చేపల దుకాణం యజమాని కూడా తన గొట్టంతో వచ్చి, ఎవరూ పిలవకపోయినా, వరసలో కూర్చున్నాడు.

మరోపక్క, ఇంట్లో పగడానికి ఏమవుతోందో చెప్పాలి. బుధవారం సాయంత్రం అంకె ముప్పై మూడు. గురువారం ముప్పై రెండు. శుక్రవారం ముప్పై ఒకటి. అంకె దిగినకొద్దీ పాలిప్‌లు బయటికి వచ్చాయి. శుక్రవారం సాయంత్రానికి పగడం పదకొండేళ్లలో ఎన్నడూ లేనంతగా విచ్చుకుని, తొట్టెలో దీపం పెట్టినట్టు మెరిసింది. అంకెలన్నీ తప్పు ద్రావణం మాయ అని నిర్ణయించుకున్న ఇన్‌స్పెక్టరు ఆ అంకెలను బ్రాకెట్లలో రాసుకుంది. పగడాన్ని చూసి మాత్రం బ్రాకెట్లు లేకుండా సంతోషించింది. రేపు భర్త వస్తాడు. గోడ తనదే.

రెండో శనివారం సెలవైనా, మధ్యాహ్నం మూడింటికి తలుపు తట్టింది దశాంశంగారు. సంకలో తోలుపెట్టె.

"రాజధాని ప్రయోగశాల నుంచి కొత్త ద్రావణం, కొత్త పరికరం తెప్పించాను," అన్నాడు ఆయన, చెప్పులు విడుస్తూ. "మన సీసా వాటితో పోల్చాం. తేడా లేదు. సున్నా చుక్క సున్నా సున్నా సున్నా. ఇక తేలాల్సింది మీ తొట్టే."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి తన అంకెలు చూసుకుంది. సీసా సరైనదైతే గొట్టం సరైనది. గొట్టం సరైనదైతే బ్రాకెట్లలోని అంకెలన్నీ నిజం. ఆయన రెండు చుక్కలు తీసి చూశాడు.

"ముప్పై ఒకటి చుక్క సున్నా రెండు సున్నా. ఎంత ఉండాలి?"

"ముప్పై అయిదు సార్."

ఆయన వంగి తొట్టెలోకి చూశాడు. పాలిప్‌లు వేల చేతులతో ఊగుతూ ఆయనకు స్వాగతం పలికాయి.

"మరి ఇది బాగానే ఉందే?"

"అదే సార్ నాకు అర్థం కానిది."

"మీ ఇంటి తొట్టెలో నాలుగు పాళ్ల ఉప్పు ఎక్కడికి పోయిందో తేలేదాకా నేను ఆ లక్క తీయలేను. తీస్తే మీ నివేదిక అబద్ధమని రాయాలి. మీరు అబద్ధం రాయరు. వసారాలో అరవైమంది కూర్చున్నారమ్మా. ఒకాయన చేపలు కూడా తెచ్చుకున్నాడు."

సరిగ్గా అప్పుడే ఇంజినీరు పెట్టెతో లోపలికి అడుగుపెట్టాడు. పరాయి మనిషిని చూశాడు, భార్య మొహం చూశాడు, రెండూ వదిలేసి పగడాన్ని చూశాడు. పెట్టె చేతిలోంచి జారింది.

"అబ్బ!" అన్నాడు. "ఇంతలా ఎప్పుడూ విచ్చుకోలేదే. సరే, మాటంటే మాటే. నువ్వే గెలిచావు. రేపు పొద్దున్నే వరండా కడిగిస్తా." ఆ మాట పూర్తయ్యేలోగా, పదకొండేళ్ల అలవాటు చొప్పున, బల్ల మీద గొట్టం తీసి రెండు చుక్కలు వేసి కన్ను పెట్టాడు. వెంటనే కెవ్వుమన్నాడు. "ముప్పై ఒకటా! ఇదేంటే, చచ్చిపోతుంది! ఉప్పేదీ, ఉప్పు డబ్బా ఏదీ?"

"ఆగండి, దాన్ని ముట్టుకోకండి," అంది భార్య.

"ఎందుకాగాలి? నాలుగు తక్కువుంది!"

"మీరున్నప్పుడూ నాలుగు తక్కువే ఉండేది. మీ గొట్టం నాలుగు ఎక్కువ చూపించేది. నేను దాన్ని సరిచేశాను. నీళ్లనూ సరిచేశాను. చేసిన గంటకే అన్నీ ముడుచుకుపోయాయి." గోడ కళ్లముందే దూరమవుతుండగా ఆమె చెప్పవలసింది పూర్తిగా చెప్పింది. "మళ్లీ ఎలా విచ్చుకున్నాయో నాకు తెలీదు. నేను చేసిందేదీ వాటికి మంచి చెయ్యలేదు. ఉప్పు రోజూ ఎందుకు తగ్గిందో కూడా తెలీదు."

ఇంజినీరు ఈ వాక్యాల్లో మొదటిదాన్ని కూడా ఇంకా మింగలేదు. అతని చేయి డబ్బా మీదే ఉంది. మూత తీయబోతుండగా ఆ చేతి మీద చెంచా దెబ్బ పడింది.

"ముట్టుకున్నావంటే విరగ్గొడతా," అంది అత్తగారు. "వారం రోజులు మగ్గులు మోసి మోసి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు నువ్వు మొదలెట్టకు."

ఇంజినీరు డబ్బా మీంచి చేయి తీసేశాడు.

"మగ్గులేంటి అత్తయ్యా?" అంది ఇన్‌స్పెక్టరు.

"పదిమగ్గులు తీసి మళ్లీ నిండేదాకా మంచినీళ్లు పొయ్యడం. రోజూ నువ్వు ఆఫీసుకెళ్లాక. మొదటిరోజు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నా, కటిక ఉప్పు! నువ్వేమో మర్నాడు మళ్లీ వేస్తావు. నేను మళ్లీ పోస్తాను. ఆదివారం కుర్చీ వేసుకు కూర్చున్నావు, పాపం ఆ రోజంతా వాటికి ఉపవాసమే. బుధవారం నుంచి నువ్వు చెయ్యి ఆపావు కనక సరిపోయింది. నిన్నటికి కుదిరింది, ఇక పొయ్యలేదు."

"పుస్తకంలో రాయలేదే?"

"నా సంగతికి గడి ఏదమ్మా అందులో? పాలిప్‌లకో గడి, చేపలకో గడి."

"నోటితోనైనా చెప్పొచ్చు కదా!"

"నీకు పరికరం చెబుతోందన్నావు. మధ్యలో నేనెందుకు మాట్లాడ్డం?"

దశాంశంగారు మెల్లగా కుర్చీలో కూర్చుని, ఈ నీళ్లు ఎంత ఉప్పుండాలో ఆవిడకెలా తెలుసని అడిగాడు. పదిహేను రోజులకోసారి కొడుకు ఉప్పునీళ్లు కలిపేది వంటింట్లోనని, తన వంటింట్లోంచి రుచి చూడకుండా ఏదీ బయటికి పోదని, పదకొండేళ్లుగా తను సరేనన్నాకే బక్కెట్టు కదిలిందని అత్తగారు చెప్పింది. ఇంజినీరు తల వంచుకున్నాడు. అమ్మ సరేనన్న ప్రతిసారీ గొట్టంలో ముప్పై అయిదే కనిపించేది. గొట్టం మంచిదని అతను అనుకున్నాడు.

అధికారి పెట్టె తెరిచి, మూడు గాజుగ్లాసుల్లో మూడు రకాల ఉప్పునీళ్లు తనే తూచి కలిపి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చిటికెనవేలు ముంచి ఒక్కొక్కటీ రుచి చూసింది.

"ఇది మన తొట్టె నీళ్లే. ఇది ఒక పిసరు చప్పన. ఇది మా కోడలిది."

ఆయన పరికరంతో చూశాడు. ముప్పై ఒకటి, ముప్పైన్నర, ముప్పై అయిదు. శాఖ అనుమతించే తేడా అంతకన్నా ఎక్కువేనని ఆయన గొణిగాడు. తరువాత కలం తీసి ఫైలులో, ద్రావణం నిర్దోషమని, పరికరం నిర్దోషమని, నమూనాలో మార్పు గృహసంబంధమైనదని రాసి, ఆలస్యానికి సంజాయిషీ సోమవారంలోగా ఇవ్వమని ఇన్‌స్పెక్టరుకు చెప్పి లేచాడు. ఆమె అప్పటికే మనసులో రెండో పేజీకి వచ్చింది.

ఆయన వెళ్లాక ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు.

"అయితే అమ్మా, పందెం నేనే గెలిచినట్టు కదా?"

"నువ్వెలా గెలుస్తావురా? నువ్వు వంతెన మీదున్నావు."

"మరి ఇది గెలిచిందా?"

"నేను గెలవలేదు," అంది భార్య. "మాటిచ్చాను. ఇకమీదట తొట్టె గురించి నోరెత్తను."

"ఎత్తకు, అదే మేలు," అంది అత్తగారు. "ఇంతదూరం మగ్గులు మొయ్యడం నా వల్ల కాదు. తొట్టె భోజనాలగదిలోకి రావాలి, నా కళ్లముందుకి. ఆ ఫ్రిజ్ పక్కన బల్లుందే, దాన్ని తీసుకెళ్లి ఆ గోడకి పెట్టుకోండి. ఏ గోడకి ఏదుంటే నాకేం?"

తీర్పు మీద అప్పీలు లేదు. ఆదివారం సాయంత్రానికి బల్లా బీరువా ముందుగది గోడకు చేరాయి. తొట్టె వంటింటి గుమ్మానికి మూడడుగుల దూరంలో స్థిరపడింది. పాలిప్‌లు ఒక పూట ముడుచుకుని, మరుసటి పూటకు తెరుచుకున్నాయి. ఇన్‌స్పెక్టరు ఇచ్చిన మాట తప్పలేదు. మూడో రోజుకు ఇంజినీరే ఉండబట్టలేక, పగడం ఎలా ఉందో ఒక్క మాట చెప్పవే అని రెండుసార్లు అడిగాడు. ఆమె అత్తగారి వైపు చెయ్యి చూపించింది.

గొట్టం ఇప్పుడు ముప్పై ఒకటిని ముప్పై ఒకటిగానే చూపిస్తుంది. దానిలోకి మాత్రం ఎవరూ చూడరు.